అటక మీద దొరికిన యుద్ధకాలపు కెమెరాను ఏం చేయాలి: విశాఖ ఇళ్లకు తగిన సమగ్ర మార్గదర్శి

విశాఖపట్నంలో పాత ఇళ్లు ఖాళీ చేస్తున్నవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "తాతగారి ట్రంకు పెట్టెలో తోలు తొడుగుతో ఒక కెమెరా దొరికింది, ఇప్పుడు ఏం చేయాలి?" అడిగేసరికే చాలామంది దాన్ని తెరిచి, తుడిచి, రెండుసార్లు మీట నొక్కి, ఇంట్లో కొబ్బరినూనె ఉంటే అది కూడా ఒక చుక్క వేసి ఉంటారు. ఇందులో చేసే పనుల కన్నా చేసే వరుస ముఖ్యం కాబట్టి, 1930ల చివరి నుంచి 1940ల మధ్య వరకు తయారైన ఫిల్మ్ కెమెరాలను దృష్టిలో పెట్టుకుని ఆ వరుసలోనే చెబుతున్నాను.

1. మొదటి రోజు వెనుక మూత తెరవకండి

లోపల ఫిల్మ్ ఉండవచ్చు. దాని మీద మీ కుటుంబంలో ఇక ఎవరూ చూడలేని ముఖాలు ఉండవచ్చు. నేను మా పెదనాన్నగారి మడత కెమెరాను పట్టపగలు వరండాలో కూర్చుని తెరిచి, సగం చుట్టిన రోలును ఒక్క క్షణంలో పాడుచేశాను. ఆ రోలులో ఏముందో ఇక ఎప్పటికీ తెలియదు.

35 మి.మీ. కెమెరా అయితే ఫిల్మ్‌ను వెనక్కు చుట్టే గుండీని బాణం గుర్తు ఉన్న దిక్కున అతి మెల్లగా తిప్పి చూడండి. బిగువుగా తగిలితే లోపల ఫిల్మ్ ఉన్నట్లే. రోల్ ఫిల్మ్ కెమెరా అయితే వెనుక ఉన్న ఎర్రని చిన్న కిటికీలో అంకెలుగానీ కాగితంగానీ కనిపిస్తాయేమో మసక వెలుతురులో చూడండి.

ఉన్నట్లు తేలితే కెమెరాను నల్లని డార్క్ బ్యాగులో పెట్టి, చేతులు లోపలికి దూర్చి, తడుముకుంటూ రోలు తీసి, వెలుతురు చొరని డబ్బాలో వేయాలి. పాత రోలును కడిగించేటప్పుడు దాని వయసు, రకం తప్పనిసరిగా చెప్పండి. నలుపు-తెలుపు రోలు నుంచి దశాబ్దాల తరువాత కూడా బొమ్మ రావచ్చు. కోడక్ వారి రంగుల ఫిల్మ్ అయిన కోడాక్రోమ్ అయితే దాన్ని రంగుల్లో కడిగే ప్రక్రియ 2010 చివరితో ఆగిపోయింది కాబట్టి నలుపు-తెలుపు బొమ్మను మాత్రమే ఆశించాలి. ఊటీలో తయారైన 'ఇందు' రోలు కనిపిస్తే, ఆ ఫిల్మ్ ఉత్పత్తి 1960ల చివర్లో మొదలైంది కనుక, కెమెరా ఎంత పాతదైనా కనీసం అప్పటిదాకా ఇంట్లో వాడుకలో ఉందని అర్థం.

ఖాళీ స్పూల్‌ను, అంటే ఫిల్మ్ చుట్టే కండెను, పారేయవద్దు. అది ఎందుకు అవసరమో ఏడవ భాగంలో చెబుతాను.

పెట్టెలో నెగటివ్‌లు కూడా దొరికితే వాటి అంచున 'సేఫ్టీ' అనే ముద్ర ఉందేమో చూడండి. ఆ ముద్ర లేకుండా, గోధుమరంగుకు తిరిగి, జిగటగా, ఘాటైన వాసన వేసేవి నైట్రేట్ నెగటివ్‌లు కావచ్చు. వాటికి సులువుగా నిప్పు అంటుకుంటుంది కాబట్టి వంటగదికి, దేవుడి గదికి, ఎండ తగిలే బీరువాకు దూరంగా, మిగతావాటి నుంచి విడదీసి, గాలి ఆడే కాగితపు కవర్లలో ఉంచాలి. వినెగర్ వాసన వేసేవి అసిటేట్ నెగటివ్‌లు. అవి సులువుగా నిప్పు అంటుకునే రకం కాదుగానీ పక్కవాటిని కూడా పాడుచేస్తాయి.

2. తుడవకముందే నమోదు

ఒక కెమెరా ఎవరి చేతిలో ఎలా తిరిగిందో చెప్పే ఆధారాలు దాని మీది మురికిలోనూ, తోలు తొడుగు లోపలి చీటీలోనూ, గీతల్లోనూ ఉంటాయి. శుభ్రం చేశాక అవి తిరిగి రావు. కిటికీ పక్కన తెల్లగుడ్డ పరిచి కింది ఫోటోలు తీయండి:

- ముందు, వెనుక, పైన, అడుగున ఒక్కొక్కటి
- కెమెరా సీరియల్ నంబరు, లెన్సు సీరియల్ నంబరు (ఇవి రెండూ వేరు)
- లెన్సు చుట్టూ ఉన్న అక్షరాలు, షట్టర్ (వెలుతురును క్షణకాలం లోపలికి వదిలే తలుపు) పేరు
- చెక్కిన గుర్తులు, పేర్లు, బాణాలు
- తొడుగు లోపలి వైపు, కుట్లు, బిల్లు, ఉత్తరం, పాత ఫోటో ఏదైనా ఉంటే అవి

తరువాత ఇంట్లోని పెద్దవారిని కూర్చోబెట్టి అడగండి. "మావయ్యా, ఇది ఎవరు కొన్నారు?" అని కాకుండా, "ఇది మొదటిసారి ఏ పెళ్లిలో చూశారు?" అని అడిగితే జ్ఞాపకం తేలికగా కదులుతుంది. చెప్పింది చెప్పినట్లే, చెప్పినవారి పేరు, తేదీ వేసి రాసుకోవాలి. మీ ఊహను వారి మాటగా రాయకూడదు; సైన్యంలో పనిచేసిన బంధువు దగ్గర దొరికినంత మాత్రాన అది సైన్యపు కెమెరా అయిపోదు.

3. అది నిజంగా ఏ కెమెరా

మన ఇళ్లలో బయటపడేవాటిలో ఎక్కువ భాగం కోడక్ బాక్స్ బ్రౌనీలు, కోడక్, ఆగ్ఫా, జైస్ ఐకాన్, ఎన్‌సైన్ మడత కెమెరాలు. రెండు లెన్సులు ఒకదానిపై ఒకటి ఉన్నవి రోలైఫ్లెక్స్, రోలైకార్డ్ కోవకు చెందుతాయి. వీటిని గుర్తించడం కష్టం కాదు, పేరు ముఖం మీదే ఉంటుంది. చిక్కంతా లైకా, కాంటాక్స్ అనే జర్మన్ 35 మి.మీ. కెమెరాల రూపంలో ఉన్నవాటితోనే.

ఇక్కడ విశాఖ సంగతి ఒకటి గుర్తుంచుకోవాలి. సోవియట్ నౌకలు, జలాంతర్గాములు మన రేవుకు వచ్చిన రోజుల్లో, ఆ తరువాత ఉక్కు కర్మాగారం కట్టిన రోజుల్లో, రష్యాకు శిక్షణకు వెళ్లివచ్చినవారికీ, అక్కడి నుంచి వచ్చిన నిపుణులతో స్నేహం ఉన్నవారికీ సోవియట్ కెమెరాలు అందుబాటులో ఉండేవి. ఫెడ్, జోర్కీ కెమెరాలు లైకా నమూనాలోనివి. కియెవ్ కెమెరా కాంటాక్స్ నమూనాలోనిది, యుద్ధం తరువాత జర్మనీ నుంచి తరలించిన యంత్రాలతో మొదలైంది. ఇవి చూడడానికి 1930లనాటివిలా ఉంటాయి, కానీ జోర్కీ 1948లోనూ, కియెవ్ 1947లోనూ మొదలయ్యాయి. ఫెడ్ మాత్రం 1934 నుంచే ఉంది.

వీటిని చిన్నచూపు చూడవలసిన పని లేదు. నా దగ్గర ఎక్కువగా పనిచేసేది ఒక జోర్కీయే. అయితే ఇవే కెమెరాల మీద పేరు చెరిపి, 'లైకా' అని చెక్కి, గద్ద బొమ్మలు వేసి, యుద్ధకాలపు జర్మన్ కెమెరాలుగా అమ్మడం దశాబ్దాలుగా సాగుతున్న వ్యాపారం. పరీక్ష ఇలా చేయాలి:

లెన్సును నెమ్మదిగా ఎడమవైపుకు తిప్పి విప్పండి. కెమెరా నోటి లోపల, పైభాగాన, ఫోకస్ దూరాన్ని కొలిచే చిన్న మీట కనిపిస్తుంది. అసలు లైకాలో ఆ మీట చివర గుండ్రని చిన్న చక్రం ఉండి దొర్లుతుంది. ఫెడ్, జోర్కీలలో చక్రం ఉండదు. కొస తేలిన లోహపు ముక్క ఉంటుంది. మీట ఉండి దానికి చక్రం లేకపోతే పైన ఏమి చెక్కి ఉన్నా దాన్ని లైకాగా లెక్కించకండి.

చక్రం ఉన్నా అంతటితో నిర్ధారణ కాదు. సీరియల్ నంబరును లైకా నంబరు-సంవత్సరం పట్టికలతో పోల్చి, ఆ సంవత్సరపు నమూనాకూ మీ చేతిలోని కెమెరా ఆకారానికీ పొంతన ఉందో లేదో చూడాలి. ఉదాహరణకు లైకా మూడు-సి 1940లో వచ్చింది. దాని లోహపు పెట్టె అంతకుముందు వచ్చిన మూడు-బి కన్నా సుమారు 3 మి.మీ. పొడవు. నంబరు ఒక నమూనాది, పెట్టె కొలత మరొక నమూనాది అయితే అది అతుకుల కెమెరా.

సైన్యపు గుర్తుల విషయంలో మరింత అనుమానం మంచిది. పైకి చూపే బాణం గుర్తు బ్రిటిష్ ప్రభుత్వ సైనిక సామగ్రి మీద వేసేవారు. జర్మన్ వైమానిక దళపు లైకాల వెనుక 'లుఫ్ట్‌వాఫెన్ ఐగెంటుమ్', అంటే వైమానిక దళపు ఆస్తి, అని చెక్కినవి ఉన్నాయి. కానీ చెక్కడం ఎవరైనా చెక్కగలరు. భూతద్దంతో చూసినప్పుడు గీత అడుగు తళతళలాడుతూ, చుట్టూ ఉన్న పాత పూత మాత్రం అరిగిపోయి ఉంటే, గీత ఆ తరువాతదే. బంగారు పూత, పాముచర్మం తొడుగు, ముందువైపు పెద్ద గద్ద బొమ్మ ఉన్నవాటిని నేను అసలు పరిశీలనకు కూడా తీసుకోను.

కియెవ్ కెమెరాలకు ఒక సౌలభ్యం ఉంది: సీరియల్ నంబరులోని మొదటి రెండు అంకెలు చాలావరకు తయారైన సంవత్సరాన్ని సూచిస్తాయి. 58తో మొదలైతే 1958 అనుకోవచ్చు.

4. పనిచేస్తుందా: బలం వాడని పరీక్షలు

ఏ భాగమైనా బిగిసి ఉంటే అక్కడితో ఆగండి. బిగుసుకున్నది చాలాసార్లు తుప్పు వల్ల కాదు, ఎండి బంకలా మారిన పాత గ్రీజు వల్ల. బలం వాడితే గ్రీజు వదలదు, పళ్లచక్రం విరుగుతుంది. ఆగ్ఫా మడత కెమెరాల్లో ఫోకస్ తిరగకపోవడం ఇందుకు పేరుమోసిన ఉదాహరణ.

షట్టర్ వేగాన్ని మార్చే వరుస కెమెరాను బట్టి మారుతుంది. ఫెడ్, జోర్కీ, పాత లైకాలలో ముందు ఫిల్మ్ గుండీని పూర్తిగా తిప్పి, ఆ తరువాతే వేగం మార్చాలి. కాంపూర్ రాపిడ్ షట్టర్ ఉన్న మడత కెమెరాల్లో అత్యధిక వేగమైన 1/500ను ముందే పెట్టి ఆ తరువాత షట్టర్‌ను బిగించే మీట ఎక్కించాలి, ఎందుకంటే ఆ వేగానికి అదనపు స్ప్రింగు ఒకటి ఉంటుంది. ఇక సెల్ఫ్ టైమర్ జోలికి అసలు వెళ్లవద్దు. మధ్యలో ఆగిపోతే మొత్తం షట్టర్ ఆగిపోతుంది.

నెమ్మది వేగాలను ఫోన్‌తోనే కొలవవచ్చు. ఫోన్‌ను సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్‌లో పెట్టి, లెన్సులోంచి వెలుతురు కనిపించేలా షట్టర్‌ను చిత్రీకరించి, తెరుచుకున్న ఫ్రేములను లెక్కపెట్టండి. ఒక సెకనుకు 240, 1/30కి 8 రావాలి. 8 బదులు 12 వస్తే షట్టర్ మందగించింది. నలుపు-తెలుపు ఫిల్మ్ ఆ మాత్రం తేడాను ఓర్చుకుంటుంది. 1/100 దాటిన వేగాలను ఈ పద్ధతిలో నమ్మకూడదు.

మడత కెమెరా బెల్లోస్‌ను, అంటే లెన్సునూ పెట్టెనూ కలిపే మడతల సంచిని, రాత్రి దీపాలు ఆర్పి, లోపల చిన్న టార్చి పెట్టి, మూలలన్నీ తిప్పి చూడండి. చుక్కల్లా వెలుతురు కనిపిస్తే రంధ్రాలు ఉన్నాయి. నాలుగైదు చుక్కలైతే నల్లని ఫాబ్రిక్ పెయింటును సన్నని కుంచెతో లోపలి వైపు పూసి, బెల్లోస్‌ను చాపి ఉంచి, రెండు రోజులు ఆరనివ్వాలి. మూలలన్నీ చిరిగి ఉంటే బెల్లోస్ మార్చడమే దారి.

లెన్సును టార్చి వెలుగుకు అడ్డంగా పెట్టి చూస్తే మూడు రకాల దోషాలు కనిపిస్తాయి. సాలెగూడు పోగుల్లా అల్లుకున్నది ఫంగస్. పొగమంచులా ఒకే తీరున పరుచుకున్నది నూనె ఆవిరి పేరుకున్న మసక; ఇది చాలావరకు శుభ్రమవుతుంది. అంచుల్లో రంగురంగుల మెరుపు కనిపిస్తే అతికించిన గాజు పలకలు విడిపోతున్నాయి. దాన్ని అలాగే వదిలేయండి, బొమ్మ మీద ప్రభావం తక్కువ.

5. శుభ్రం చేయడం

ఈ భాగంలో చేయకూడనివే ఎక్కువ.

- ఇత్తడి సామాను తోమే పాలిష్‌తో రుద్దకూడదు. అరిగిన నల్లరంగు కింద కనిపించే ఇత్తడే పాత కెమెరాకు అందం, విలువ.
- కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే ఏదీ వేయకూడదు. ఒకసారి నేను మరమ్మతుకు ఇచ్చిన కెమెరా షట్టర్ రేకుల మీద అక్కడి మెకానిక్ స్ప్రే కొట్టి, వారం రోజులు చక్కగా పనిచేసిన దాన్ని శాశ్వతంగా అతుక్కునేలా చేశాడు.
- చీరకొంగు, చొక్కా అంచుతో లెన్సు తుడవకూడదు. ముఖ్యంగా లైకా సుమ్మార్ లెన్సు ముందు గాజు మెత్తనిది. దుమ్ము ఉండగా ఒక్కసారి రుద్దినా గీతలు పడతాయి.

చేయవలసింది ఇంతే: రబ్బరు బుడ్డీతో గాలి ఊది దుమ్ము పోగొట్టి, మెత్తని కుంచెతో సందులు దులిపి, పొడి నూలుగుడ్డతో లోహాన్ని తుడవాలి. లెన్సుకు లెన్సు ద్రవాన్ని కాగితం మీద వేసి, మధ్యనుంచి అంచులకు చుట్టుతూ తుడవాలి. ద్రవాన్ని నేరుగా గాజు మీద పోయకూడదు. తోలు కింద చిన్న బుడిపెలు కనిపిస్తే అవి ఇత్తడి రివెట్ల మీద పుట్టిన చిలుము. జైస్ కెమెరాల్లో ఇది మామూలే. వాటిని నొక్కవద్దు, తోలు చిరుగుతుంది.

6. విశాఖ గాలి, తేమ, ఫంగస్

లాసన్స్ బే కాలనీలోనో, మహారాణిపేటలోనో సముద్రం వైపు కిటికీ ఉన్న ఇంట్లో కెమెరాను అద్దాల షోకేసులో పెట్టడం అంటే దాన్ని ఉప్పుగాలికి అప్పగించడమే. గాలిలో తేమ 65 శాతం దాటితే ఫంగస్‌కు అనుకూలం, మన ఊళ్లో ఏడాదిలో చాలా నెలలు అది అంతకన్నా ఎక్కువే. కెమెరా ఉండే చోట తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మరీ పొడిగా ఉంటే తోలు, బెల్లోస్ పెళుసెక్కుతాయి.

కెమెరాలు నాలుగైదు దాటితే తేమను అదుపులో ఉంచే, కరెంటుతో పనిచేసే డ్రై క్యాబినెట్ కొనడం మంచిది. అంతకు తక్కువైతే రబ్బరు అంచున్న గట్టి ప్లాస్టిక్ డబ్బా, ఒక చిన్న తేమ మీటరు, తేమ పీల్చే సిలికా జెల్ చాలు. సిలికా జెల్ రంగు మారగానే సుమారు 110 డిగ్రీల ఓవెన్‌లో గంటా రెండు గంటలు వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. చాలామంది చేసే తప్పు, వేసిన పొట్లాన్ని మూడేళ్లు మరిచిపోవడం. తడిసిన సిలికా జెల్ ఏ పనీ చేయదు.

తోలు తొడుగును కెమెరాతో కలిపి దాచకూడదు. పాత తోలు తేమను పట్టి ఉంచుతుంది, దానికి పట్టిన బూజు లెన్సులోకి చేరుతుంది. తొడుగును పారేయనూ కూడదు. వేరే గుడ్డ సంచిలో, చీటీ కట్టి, వేరే అరలో పెట్టండి. కలరా ఉండలు కూడా వద్దు, వాటి ఆవిరి గాజు మీద పొరగా పేరుకుంటుంది.

డబ్బా పెట్టే చోటు గురించి ఒక మాట. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను గాలికి కిటికీలు పగిలి, గోడలు తడిసి, రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు: బయటి గోడకు ఆనుకున్న బీరువా, నేలకు దగ్గరగా ఉన్న అర, అటక, ఈ మూడూ పనికిరావు. ఇంటి మధ్య గదిలో, నడుము ఎత్తు దాటిన అరలో ఉంచండి. తుపాను హెచ్చరిక వినగానే సిలికా జెల్ మార్చి, డబ్బా మూతకు టేపు వేయాలి.

నెలనెలా చేయవలసినవి:

- మీటరు చూసి తేమ రాసుకోవడం
- ప్రతి షట్టర్‌ను ఒక్కొక్క వేగంలో మూడు నాలుగు సార్లు ఆడించి, మీట దించి ఉంచడం
- లెన్సులను టార్చితో చూడడం
- మడత కెమెరాను ఒకసారి విప్పి, మళ్లీ మడిచి పెట్టడం

ఫంగస్ కనిపిస్తే ఆ కెమెరాను వెంటనే మిగతావాటి నుంచి వేరుచేసి, లెన్సు విప్పగలిగే మెకానిక్‌కు ఇవ్వండి. ఎండలో పెడితే పోతుందని చెప్పేవారున్నారు. పెరుగుదల ఆగవచ్చుగానీ, గాజు మీద అప్పటికే పడిన ముద్ర పోదు. పైగా గుడ్డతెర షట్టర్ ఉన్న కెమెరాను లెన్సుతో సహా సూర్యుడి వైపు తిప్పి పెడితే తెరకు రంధ్రం పడుతుంది.

సర్వీసింగు చేయించదలచుకుంటే, గాలిలో తేమ కాస్త తగ్గే డిసెంబరు, జనవరి నెలల్లో చేయించండి.

7. ఒక రోలు వేసి చూడడం

రోల్ ఫిల్మ్ కొలతల్లో 120 రోలు, అలాగే 35 మి.మీ. ఫిల్మ్ ఇప్పటికీ తయారవుతున్నాయి. 620 రోలు 1995లో ఆగిపోయింది, కానీ అది 120 వెడల్పు ఫిల్మే. స్పూల్ తీరు వేరు, ఇరుసు సన్నం. అందుకే పాత 620 స్పూల్‌ను దాచమన్నాను. డార్క్ బ్యాగులో 120 రోలును ముందు ఒక స్పూల్‌కు, ఆ తరువాత వెనక్కు 620 స్పూల్‌కు చుట్టి వేయాలి. కెమెరా లోపల చుట్టుకునే వైపుకు మరో 620 స్పూల్ కావాలి, అంటే కనీసం రెండు ఉండాలి.

పాత లైకా, ఫెడ్, జోర్కీలలో ఫిల్మ్ అడుగు మూత తీసి కిందనుంచి దూర్చాలి. దుకాణంలో కొన్న రోలు నాలుక పొట్టిగా ఉంటుంది కనుక, దాన్ని సుమారు 10 సెం.మీ. పొడవు వరకు సన్నగా కత్తిరించాలి. కత్తెర పక్క రంధ్రాల గుండా పోకూడదు, అక్కడ చిరిగిన ముక్క షట్టర్‌లో పడుతుంది.

ఎర్ర కిటికీ మీద నల్ల టేపు వేసి, రోలు తిప్పేటప్పుడు మాత్రమే నీడలో ఎత్తి చూడండి. నేటి ఫిల్మ్‌కు ఎరుపు వెలుగు కూడా తగులుతుంది.

లైట్ మీటరు లేకపోయినా పరవాలేదు. ఆర్.కె. బీచ్‌లో నిండు ఎండలో 100 ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే వేగం) ఫిల్మ్‌కు అపెర్చర్, అంటే లెన్సు రంధ్రం, ఎఫ్ 16, షట్టర్ వేగం 1/100 సరిపోతుంది. పలుచని మబ్బుకు ఎఫ్ 11, నీడలో ఎఫ్ 5.6 పెట్టుకోండి. ఆ కాలపు లెన్సుల్లో చాలావాటికి పూత ఉండదు కాబట్టి సూర్యుడు వెనుక ఉండేలా నిలబడి, లెన్సు మీద ఎండ పడకుండా అరచెయ్యి అడ్డం పెట్టండి. ప్రతి ఫోటో వేగం, అపెర్చర్ రాసుకుంటేనే, కడిగాక ఏ వేగం తప్పుతోందో తెలుస్తుంది.

ఒకే చోట ప్రతి ఫోటోలో తెల్లమచ్చ వస్తే బెల్లోస్‌లోనో తెరలోనో రంధ్రం ఉంది. ఒక అంచు ఎప్పుడూ చీకటిగా వస్తే తెరలు ఒకే వేగంతో నడవడం లేదు. అంకెలు, చుక్కలు ఫోటోలో ముద్రపడితే ఎర్ర కిటికీ దోషం.

8. కొనేటప్పుడు

దీని గురించి ఎక్కువ చెప్పను. తెరిచి చూపించని అమ్మకందారు దగ్గర కొనవద్దు. విలువ కట్టిన వ్యక్తికే అదే రోజు అమ్మవద్దు. విదేశాల నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకాన్ని ముందే ధరలో కలిపి లెక్కవేసుకోండి.

9. తరువాతివారికి అప్పగించడం

కుటుంబాల్లో కెమెరాలు తగవుల వల్ల కన్నా విడిపోవడం వల్ల ఎక్కువ పాడవుతాయి: లెన్సు ఒక కొడుకు ఇంటికి, పెట్టె కూతురి ఇంటికి, తొడుగు పాతసామాను వాడికి చేరతాయి. అందుకే ప్రతి కెమెరాకూ ఒక పుట కేటాయించిన నోటుపుస్తకం పెట్టండి. అందులో సీరియల్ నంబర్లు, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చింది, చేయించిన మరమ్మతులు, దానికి సంబంధించిన తొడుగు, లెన్సు, స్పూల్‌ ఎక్కడున్నాయి, తరువాత ఎవరికి చేరాలి అన్నవి ఉండాలి.

ఎవరికివ్వాలో నిశ్చయించుకుంటే వీలునామాలో 'నా కెమెరాలు' అని కాక, పేరు, సీరియల్ నంబరుతో రాయండి. వీలునామా మీద ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వీలునామా లేకపోతే హిందూ కుటుంబాల్లో 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి సొత్తులో భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి ఉంటే ఆమె సమాన వాటాదారులు. మూడు కెమెరాలను నలుగురికి పంచడం కన్నా ఒకరికి ఇచ్చి మిగతావారికి మరొకటి సర్దడం తేలిక.

పిల్లలు విదేశాల్లో ఉంటే మరొక చిక్కు ఉంది. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన వస్తువులు పురావస్తువుల పరిధిలోకి రావచ్చు, వాటిని దేశం దాటించడానికి అడ్డంకులు ఉన్నాయి. 1939-45 నాటి కెమెరాలకు ఇంకా ఆ వయసు రాలేదు. కానీ వాటితోపాటు దొరికే, నూరేళ్లు దాటిన బాక్స్ కెమెరాలను పంపేముందు పురావస్తు శాఖను అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

అప్పగించే రోజున కెమెరా చేతిలో పెట్టి ఊరుకోకండి. పాడైన రోలు ఒకటి తీసుకుని, వెలుతురులోనే, ఫిల్మ్ ఎలా వేయాలో, గుండీ ఎంతవరకు తిప్పాలో, వేగం ఎప్పుడు మార్చాలో చూపించి, వారిచేత మూడుసార్లు చేయించండి. ఆ పాత రోలును, 'సాధనకు మాత్రమే' అని రాసిన చీటీతో సహా, కెమెరా డబ్బాలోనే ఉంచండి.